వాసన పోయిన ముక్కుపుడక

వాసన పోయిందని ఆమెకు మొదట తెలిసింది సబ్బు వల్ల. జ్వరం తగ్గి ఒళ్లు కాస్త తేలికపడ్డాక స్నానానికి వెళ్లింది. కొత్త సబ్బు కాగితం విప్పి అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడనుకుని, తల తుడుచుకుంటూ బయటికి వచ్చి భర్త మీద విరుచుకుపడింది.

"ఏం సబ్బు తెచ్చారండీ? సుద్దముక్కలా ఉంది. వాసనే లేదు."

ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు. "ఇక్కడిదాకా గుప్పుమంటుంటే వాసన లేదంటావేంటే? జ్వరం ఇంకా దిగలేదా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె వంటగదిలోకి వెళ్లి కాఫీపొడి డబ్బా మూత తీసింది. వెల్లుల్లి రెబ్బ చిదిమి చూసింది. అగ్గిపుల్ల గీసి ఆర్పి, ఆ పొగ మీదికి వంగింది. కళ్లు మండాయి. అంతే. ఒక్కొక్క డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, అలమర మొత్తం అయ్యాక స్టూలు లాక్కుని కూర్చుంది.

వేరే వాళ్లయితే నాలుగు రోజులు విసుక్కుని ఊరుకునేవారేమో. ఆమె తినే అన్నం మొత్తం ఆ ముక్కు మీదే నడుస్తోంది.

పాత రేవు వీధి చివర ఒక రెస్టారెంటు ఉంది. ఆ వీధిలో నాలుగడుగులు వేస్తే నాలుగు భాషలు చెవిన పడతాయి. ఆ రెస్టారెంటులో భోజనం కోసం వేరే దేశాల నుంచి కూడా నెలల ముందే టేబుల్ బుక్ చేసుకుని విమానాలెక్కి వస్తారు. అరచేయంత పళ్లెంలో బొటనవేలంత చేపముక్క, దాని పక్కన చెంచాడు సాస్. ఆ చెంచాడు సాస్ కోసమే జనం వస్తారని అక్కడ పనిచేసేవాళ్లంటారు. ఆ సాస్‌లు చేసేది ఈమె.

చేరడం మాత్రం గిన్నెలు తోమడానికి చేరింది. సింకు దగ్గర నిలబడి మసిగిన్నె రుద్దుతూ, ఒకరోజు తల కూడా తిప్పకుండా, "ఆ మూల పొయ్యి మీద పాలు అడుగంటబోతున్నాయి, చూసుకోండి" అని కేకేసింది. పెద్ద షెఫ్ వెళ్లి గరిటె తిప్పి చూశాడు. అంటలేదు. అంటబోతున్నాయి. ఆ తర్వాత రెండు మూడుసార్లు అలాగే జరిగేసరికి ఆయన చేపల బుట్టలు తెప్పించి ఆమె ముందు పెట్టాడు. ఏది ఇవాళ్టిదో, ఏది నిన్నటిదో చేయి తగలకుండా చెప్పేసింది. ఆయన ఆమె చేతిలోంచి పీచు లాక్కుని సాస్‌ల పొయ్యి దగ్గర నిలబెట్టాడు. "ఈ కిచెన్‌కి ముక్కుపుడక నువ్వే" అన్నాడట. మనిషి కూడా చిన్నగా, చురుగ్గా ఉంటుంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె అసలు ముక్కుకి పుడక లేదు.

మొన్నామధ్య ఒక పత్రికలో ఆమె గురించి అరపేజీ వచ్చింది. ఫొటోలో ఆమె కళ్లు మూసుకుని, మూత ఎత్తిన గిన్నె మీదికి వంగి ఉంది. అది వచ్చాక మేనేజరు వంటగదికీ భోజనాల హాలుకీ మధ్య ఉన్న గోడ కొట్టించి అద్దం పెట్టించాడు. ఆ అద్దం పక్కనున్న టేబుళ్లకు గిరాకీ పెరిగింది.

ఆ అరపేజీ చూసి ఒళ్లు మండిన మనిషి బంధువుల్లో ఒకరున్నారు. ఆమె తోడికోడలు. బస్సు డిపో పక్క చౌరస్తాలో బండి మీద వేయించిన చేపలు, ఆమ్లెట్లు, రొట్టె, సూపు అమ్ముతుంది. భర్త పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. అందరూ బండక్క అంటారు. బండి ఉంది కాబట్టి బండక్క అని కొందరు, మాటతీరు బండ కాబట్టి బండక్క అని కొందరు. రెండూ నిజమే. ఆ పత్రిక చేప కింద వేసే కాగితాల్లో కనిపిస్తే, "నేనూ ఇన్నేళ్లుగా వండి పెడుతున్నా. నా ముక్కు మీద మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు" అని, దాన్నే చుట్టి చేప కట్టిచ్చింది.

ఇద్దరికీ చెడింది అంతకుముందే. ఒకసారి ముక్కుపుడక బండి దగ్గరికి వచ్చి, పదిమంది తింటుండగా, "అక్కా, నూనె పాతబడింది" అంది. మంచికే అంది. కానీ చేతిలో పళ్లెం ఉన్నవాళ్లందరూ పళ్లెంలోకి చూసుకున్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, "జ్వరం వల్ల నరం దెబ్బతింది. వస్తే రావచ్చు, లేకపోతే లేదు. మందు లేదు" అన్నాడు. ఆమె ఆ మాట గుట్టుగా దాచుకుని పనిలోకి వెళ్లింది. భర్తకు కూడా చెప్పలేదు.

నెట్టుకురావడం ఆమె అనుకున్నంత కష్టం కాలేదు. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి. వెన్న ఏ రంగుకి వస్తే దించాలో కంటికి తెలుసు. కుతకుత ఎప్పుడు మందమవుతుందో చెవికి తెలుసు. మిగిలినదానికి పక్క పొయ్యి మీద చేపలు వేయించే కుర్ర షెఫ్‌ని వాడుకుంది. అతన్ని అందరూ పొడుగు అంటారు. పాఠం చెబుతున్నట్టు చెంచా అతని ముందుకు చాచి, "ఏముంది ఇందులో? చెప్పు చూద్దాం" అనేది.

"నిమ్మతొక్క కాస్త ఎక్కువైందా ఆంటీ?"

"ఊఁ. ఎంత ఎక్కువైంది?"

"కొంచెమే."

"మరి ఏం చేద్దామంటావు?"

పొడుగు ఛాతీ పొంగేది. ఇంత పెద్ద మనిషి తనకు విద్య నేర్పుతోందని ఇంట్లో చెప్పుకున్నాడు.

అలా వానాకాలం గడిచిపోయింది. ఇంట్లోనే గుట్టు బయటపడింది.

ఆరోజు ఆమెకు సెలవు. మధ్యాహ్నం స్టవ్ మీద పాలు పెట్టి, వంటగది బల్ల దగ్గర బీన్స్ ఒలుస్తూ కూర్చుంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆమె వీపు అటువైపు ఉంది. బండక్క, ఎప్పుడో ఇచ్చిన పెద్ద గిన్నె పట్టుకుపోదామని మెట్లెక్కి వచ్చి తలుపు తోసింది. తోయగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి దూసుకెళ్లి, స్టవ్ ఆపి, గ్యాసు కట్టేసి, ఉన్న రెండు కిటికీలూ బార్లా తెరిచింది.

"చచ్చిపోదామనుకున్నావా? మొగుడితో గొడవా? ఏమైందే నీకు?"

ముక్కుపుడక చేతిలో బీన్స్‌కాయ పట్టుకుని అలాగే చూసింది. ఏం జరిగిందో స్టవ్ మీద పాలమరక చూశాకే ఆమెకు తెలిసింది.

బండక్క కిటికీ దగ్గరి నుంచి వెనక్కి వచ్చింది. "ఏమే... నీకు వాసన రావట్లేదా?"

"రావట్లేదక్కా."

"ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

"మరిదికి తెలుసా?"

"తెలీదు."

"అక్కడ, ఆ అద్దాల మహల్లో?"

"తెలీదు."

బండక్క అక్కడే నేల మీద చతికిలపడింది. "నా నూనె పాతబడిందన్న ముక్కు ఇదేనా?" అంది.

"నువ్వు సంతోషిస్తావనుకున్నా" అంది ముక్కుపుడక.

"సంతోషమే. కాస్త. అబద్ధమెందుకు? కానీ ఆ గ్యాసు చూసేసరికి అదీ ఎగిరిపోయింది." లేచి చీర దులుపుకుంది. "ముందు వాడికి చెప్పు. ఇంట్లో నువ్వొక్కదానివే ఉండవు కదా. ఒక అగ్గిపుల్ల గీస్తే చాలు, మీతోపాటు కింది అంతస్తువాళ్లు కూడా దండలేసిన ఫొటోలకెక్కుతారు."

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన "సబ్బు రోజే నాకు అర్థం కావాల్సింది" అన్నాడు. మర్నాడు గ్యాసు కారితే మోగే పెట్టె ఒకటి తెచ్చి స్టవ్ పైన గోడకు బిగించాడు. రెస్టారెంటులో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలేశాడు.

ఆమె చెప్పలేదు. వెన్న చెప్పింది. ఫ్రిజ్ అడుగు అరలో మూత సరిగ్గా పడని డబ్బాలో వెన్న ఉల్లిపాయల పక్కన ఉండిపోయి పాడైంది. రంగు మారలేదు. ఆరోజు పొడుగు సెలవులో ఉన్నాడు. పళ్లేలు బయటికి వెళ్లేముందు పెద్ద షెఫ్ చెంచా నోట్లో పెట్టుకుని, తీసి, ఆమె వైపు చూశాడు. సాస్ మొత్తం సింకులో పారబోయించాడు. ఆ పూట ఆ వంటకం లేదని హాల్లో చెప్పించాడు. తర్వాత ఆమెను సరుకుల గదిలోకి పిలిచాడు.

"ఎప్పట్నుంచమ్మా?"

ఆమె దాచకుండా చెప్పింది. ఆయనకు కోపం రాలేదు. బియ్యం బస్తా మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నాడు. ఆయనకేమీ తోచనట్టుంది. తోచింది మేనేజరుకి. కబురందగానే వచ్చి తలుపు వేశాడు.

"ఈ విషయం ఈ గదిలోనే ఉండాలి" అన్నాడు. "అద్దం పక్క టేబుళ్లలో కూర్చునేవాళ్లు నిన్ను చూడ్డానికే వస్తున్నారు. సాస్ రుచి పొడుగు చూసుకుంటాడు. నువ్వు రోజూ నిలబడే చోటే నిలబడు. మూత తియ్యి, కళ్లు మూసుకో, తల ఊపు. అబద్ధం ఒక్కటి కూడా చెప్పక్కర్లేదు."

"అది అబద్ధం కాదా సార్?"

"నోరు తెరిస్తే కదా అబద్ధం!"

ఆమె పెద్ద షెఫ్ వైపు చూసింది. ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆమె ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత బండక్క అడిగితే, "ఇంట్లో కూర్చుంటే చేతులు ఏం చెయ్యాలో తెలియదక్కా, అందుకని" అంది.

నటన ఆమెకు బాగానే అబ్బింది. నిజంగా వాసన చూసేటప్పుడు ఒక్క క్షణంలో అయిపోయేది, ఎవరి కంటా పడేది కాదు. ఇప్పుడు తీరిక ఉంది. మూత మెల్లగా ఎత్తేది. ఆవిరి ముఖానికి తగలనిచ్చేది. కనుబొమలు ముడిచి, కాసేపాగి, తల ఊపేది. అద్దానికి అవతల జనం చెంచాలు పట్టుకుని ఊపిరి బిగబట్టేవారు. వెనక నిలబడిన పొడుగు మాత్రం ఆమె ముఖం చూడకుండా పని చేసుకునేవాడు. ఇంతకాలం తనకు చెప్పింది పాఠం కాదని అతనికి తెలిసిపోయింది. ఆంటీ అనడం మానలేదు కానీ, మాటలు తగ్గించాడు.

ఒక మధ్యాహ్నం అద్దం పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుంది. కట్టూబొట్టూ, కూర్చున్న తీరూ చూస్తే బడిలో చాలాకాలం పాఠాలు చెప్పిన మనిషిలా ఉంది. పళ్లెంలోవి కదిపి వదిలేసింది తప్ప పెద్దగా తినలేదు. వెయిటర్‌ని పిలిచి, సాస్‌లు చేసే ఆవిడతో రెండు మాటలు మాట్లాడవచ్చా అని అడిగింది. అలా అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి అద్దం చివర చిన్న తలుపు పెట్టారు. ముక్కుపుడక గిన్నె సన్నమంట మీద వదిలి ఆ తలుపు దగ్గరికి వచ్చింది.

"నాకు వాసన పోయి రెండేళ్లయిందమ్మా" అంది ఆ పెద్దావిడ. "ఏం తిన్నా అట్టముక్క తిన్నట్టుంటుంది. మీ గురించి చదివాను. మీరు వాసన చూస్తుంటే చూడాలనిపించి వచ్చాను. ఇందాక మూత తీశారే, అందులో ఏమొచ్చిందో కాస్త చెబుతారా?"

ముక్కుపుడక వెనక్కి తిరిగి గిన్నె వైపు చూసింది. చెప్పడం మొదలుపెట్టింది. వెన్న ఎర్రబడేటప్పుడు ముందు వేరుశనగలు వేగుతున్నట్టుంటుందని, ఆ తర్వాత ఎండలో ఆరేసిన గడ్డిలా ఉంటుందని, నిమ్మతొక్క వేశాక ఆ రెండూ వెనక్కి తగ్గుతాయని, చివర్లో చేప ఎముకల రసం పోస్తే వాన వెలిశాక రేవు దగ్గర నిలబడ్డట్టు ఉంటుందని చెప్పింది. పెద్దావిడ కళ్లు మూసుకుని విన్నది.

"అదృష్టవంతులు" అంది కళ్లు తెరవకుండానే.

ముక్కుపుడక ఉండబట్టలేకపోయింది. "నాకూ రావట్లేదండీ. జ్వరమొచ్చి పోయింది. ఇప్పుడు చెప్పిందంతా గుర్తుపెట్టుకుని చెప్పిందే."

పెద్దావిడ కళ్లు తెరిచింది. ముఖం ఎర్రబడింది. "మరి ఇందాక తల ఊపారు?"

"ఊపమన్నారండీ."

"ఊపమంటే ఊపేస్తారా?"

పెద్దావిడ వెళ్లిపోదామన్నట్టు సంచీ తీసుకుంది. మళ్లీ ఆగింది. కొంచెం తగ్గిన గొంతుతో, "ఏం తింటున్నారు మరి?" అని అడిగింది.

"కరకరలాడేవి తింటున్నానండీ. చప్పుడైనా తెలుస్తుంది కదా."

"నేనూ అంతే. కీరదోసకాయ, మాడిన రొట్టె అంచులు. మెత్తటి పదార్థం ఏదీ గొంతు దిగదు."

"గోరువెచ్చగా ఉన్నదేదైనా తినగలుగుతున్నారా?"

"లేదు. బాగా వేడిగా అయినా ఉండాలి, బాగా చల్లగా అయినా ఉండాలి."

"అవునండీ! అది నాకొక్కదానికే అనుకున్నాను."

అలా మాటల్లో పడిపోయారు. పుట్టినిల్లు ఒకటే అయిన ఇద్దరు దూరదేశంలో కలిసినట్టు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ మాట్లాడుకున్నారు. వాళ్ల వెనక సన్నమంట మీద సాస్ అడుగంటింది. పొగ ఆ చిన్న తలుపులోంచి హాల్లోకి వచ్చింది. ముందు అద్దం పక్క టేబుల్‌వాళ్లు తలెత్తి చూశారు, తర్వాత దూరంగా ఉన్నవాళ్లు రుమాళ్లు ముక్కుకి పెట్టుకున్నారు. ఎక్కడో ఎవరో దగ్గారు. హాలు మొత్తానికి తెలిసిన మాడువాసన ఆ ఇద్దరికే తెలియలేదు. పొడుగు సరుకుల గదిలోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె దించి సింకులో పడేశాడు. ఆ చప్పుడుకి ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. హాల్లో జనమంతా వాళ్లనే చూస్తున్నారు. పెద్దావిడకు ముందు అర్థమైంది. నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. ముక్కుపుడకకు నవ్వు రాలేదు.

భోజనాల వేళ ముగిసేదాకా పని చేసి, పొయ్యి తుడిచి, ఏప్రన్ మడతపెట్టి పెద్ద షెఫ్ చేతికిచ్చింది.

"కూరగాయలు తరిగే బల్ల దగ్గర ఉండమ్మా. ఎవరూ నిన్నేమీ అనరు" అన్నాడాయన.

"మీరనరని తెలుసు సార్. కానీ రోజూ ఆ అద్దం ముందు నుంచే కదా నడవాలి" అంది.

ఇంట్లో కొన్నాళ్లు ఊరికే ఉంది. తర్వాత ఒక ఉదయం బండక్క మెట్ల కింద నుంచే కేకేసింది. "ఏమే, గోళ్లు గిల్లుకుంటూ ఎన్నాళ్లుంటావు? నా మోకాళ్లు పోయాయి. చేపలు కడగడానికి రా."

మొదట కడగడం, తోమడం వరకే. తర్వాత ఒక మూల పొయ్యి. అక్కడ గొడవలు మొదలయ్యాయి. ముక్కుపుడకకు తెలిసేది ఇప్పుడు చప్పుడు ఒక్కటే. బంగాళాదుంప ముక్కల్ని తడి ఆరేదాకా గుడ్డ మీద పరిచి, ఒకసారి వేయించి తీసి, చల్లారాక మళ్లీ వేయించాలంటుంది. "రెండుసార్లు వేయించడానికి ఇదేమైనా పెళ్లివిందా? తినేవాడికి బస్సు పోతుందే!" అని బండక్క అరుస్తుంది. ముక్కుపుడక వినదు. చేపముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచి చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి ముక్కున వేలేసుకుంటారు. ఉప్పూ కారం, నూనె సంగతి, సూపు రుచి మాత్రం బండక్కవే. అందులో ముక్కుపుడక వేలు పెట్టదు.

కొన్ని వారాలకు డిపో దగ్గర బస్సెక్కేవాళ్లు ఆ దుంపల కోసం ముందు బస్సు వదిలేసి తర్వాతి బస్సుకి వెళ్లడం మొదలుపెట్టారు. బండక్క ఆ సంగతి గమనించింది. మెచ్చుకోలేదు. దుంపలు రెండు బస్తాలు తెప్పించింది.

ఆ పెద్దావిడ ఎలా కనుక్కుందో కనుక్కుని ఒకసారి బండి దగ్గరికి వచ్చింది. నిలబడి పొట్లం మొత్తం తిన్నది. "చప్పుడు బాగుంది. ఉప్పు ఎక్కువైంది" అంది. బండక్క ముఖం మాడ్చుకుంది. ఆవిడ మళ్లీ రాలేదు, వేరే ఊరు వెళ్లిందని ఎవరో చెప్పారు.

మరుసటి ఏడాది చలికాలంలో ముక్కుపుడకకు మెల్లగా వాసన రావడం మొదలైంది. వచ్చింది కానీ తిన్నగా రాలేదు. కాఫీ దగ్గరికి వెళ్తే కాలిన రబ్బరు. ఉల్లిపాయ కోస్తే కిరసనాయిలు. నిమ్మకాయ ఒక్కటే నిమ్మకాయలా ఉంది. నిమ్మకాయను గుర్తుపట్టినరోజు ఆమె దాన్ని చేతిలో పట్టుకుని బండి వెనక్కి వెళ్లి కాసేపు నిలబడింది. బండక్క పిలవకుండా రెండు పొయ్యిలూ తనే చూసుకుంది.

కబురు ఎలా చేరిందో, పెద్ద షెఫ్ రమ్మన్నాడు. ఆమె వెనక తలుపు గుండా వెళ్లింది. సాస్‌ల పొయ్యి దగ్గర పొడుగు ఉన్నాడు. అద్దానికి ఇప్పుడు తెల్లటి తెర వేశారు. మేనేజరు మారాడు. పొడుగు ఆమెను చూసి చెంచా తుడిచి, సాస్‌లో ముంచి చాచబోయి, ఏదో గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమే చెంచా అందుకుని నాలుక మీద పెట్టుకుంది. "పులుపు సరిగ్గా ఉంది. మిగతాది నువ్వే చూసుకోవాలి" అంది. పొడుగు తల వంచుకుని, "పరవాలేదా ఆంటీ?" అన్నాడు. "నన్నడుగుతావేంటి? చేసింది నువ్వేగా" అంది ఆమె. చాలాకాలం తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఎంత వచ్చింది?" అని అడిగాడు పెద్ద షెఫ్.

"సగం సార్. ఆ సగంలో సగం తప్పు."

"మిగతాదీ వస్తుందేమో. ఇక్కడే ఉండమ్మా, చూద్దాం."

"వద్దు సార్. ఇక్కడ తప్పు జరిగితే పళ్లెం పోయినట్టే. అక్కడ తప్పు జరిగితే తిట్టడానికి మా అక్క ఉంది."

ఆయన బలవంతం చేయలేదు. వెనక తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఇప్పుడు చౌరస్తాలో బండ్లు రెండయ్యాయి. ఒకటి చేపలు, దుంపలకి, ఒకటి సూపు, ఆమ్లెట్లకి. పక్కపక్కనే ఉంటాయి. ముక్కుపుడకకు కాఫీ ఇంకా రబ్బరే. ఆ రెస్టారెంటు గురించి ఎవరైనా అడిగితే మంచిగానే చెబుతుంది, అక్కడి చేప రుచి గురించి మాత్రం గుర్తున్నంత వరకే చెబుతుంది. భర్త డ్యూటీ దిగి ఇంటికి పోయేముందు సూపు బండి దగ్గర ఆగి, వదిన వడ్డిస్తే తిని, భార్య బండి దగ్గర చేయి కడుక్కుంటాడు. తోడికోడళ్లిద్దరూ కొన్ని రోజులుగా ఒక విషయం మీద వాదించుకుంటున్నారు. వారానికి ఒకరోజు బండ్లు మూయాలని చిన్నామె అంటుంది. మూస్తే జనం పక్క చౌరస్తాకి అలవాటు పడతారని పెద్దామె అంటుంది. ఇంకా తేలలేదు.